ఇంటికి చేరని తీగ కొస

గురువారం ఉదయం తొమ్మిదిన్నర. స్వీడన్‌లో ఏ పని ఆగినా కాఫీ ఆగదు కాబట్టి ‘అంద్రా వార్వెట్’ పనిశాలలో పదముగ్గురూ పొడవాటి బల్ల చుట్టూ చేరారు. దాల్చినచెక్క బన్నులు తుంచుకుంటూ నిన్నటి మంచు గురించీ, రేపటి మంచు గురించీ మాట్లాడుకుంటున్నారు. కిటికీ గట్టు మీద అరచేతిలో ఇమిడే బొమ్మలు కొన్ని నిలబడి ఉన్నాయి. లోపలి తీగతో నిటారుగా నిలబడి, ముక్కు దాకా దిగిన ఎర్ర టోపీ, దాని కింద తెల్లటి గడ్డం, అంతే. కళ్ళు కనిపించవు. ఇంటినీ పశువులనూ కాపాడే ఈ మరుగుజ్జు ముసలాణ్ణి అక్కడ టోమ్టె అంటారు. డిసెంబరు వచ్చిందంటే టోమ్టె లేని ఇల్లుండదు.

పనిశాల పేరులోని అంద్రాకు మన ఆంధ్రతో చుట్టరికమేమీ లేదు. ఆ భాషలో అది రెండవది అనే మాట. రెండో చుట్టు అని ఆ పేరుకు అర్థం. జనం వదిలేసిన ఉన్ని స్వెటర్లు, వంగిపోయిన హ్యాంగర్లు, విరిగిన గొడుగుల ఊచలు అక్కడికి వస్తాయి. వాటితో పాటే మనుషులూ వస్తారు. మూతపడిన కర్మాగారాల వాళ్ళు, జబ్బుచేసి ఏళ్ళ తరబడి పనికి దూరమైనవాళ్ళు. వస్తువుకీ మనిషికీ మళ్ళీ ఒక అవకాశమని ఊరి పత్రిక ఫొటో వేసి మరీ రాసింది. చదివినవాళ్ళందరి కళ్ళూ చెమర్చాయి. అలా చెమర్చినవాళ్ళలో ఒక్కరైనా బొమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి చూడలేదు. నా కోపమంతా అక్కడే.

ఇంగాలిల్‌కు యాభై నాలుగేళ్ళు. బోరోస్ పట్టణం దగ్గర గుడారాలు కుట్టే కర్మాగారంలో ఇరవై ఆరేళ్ళు మిషన్ ముందు కూర్చుంది. కర్మాగారం వేరే దేశానికి తరలిపోయాక రెండేళ్ళు కర్టెన్లు మూసుకుని ఇంట్లోనే ఉంది. తర్వాత ఉపాధి కార్యాలయం వాళ్ళు ఆమెను ఇక్కడికి పంపారు. ఇక్కడికి రావడం మొదలుపెట్టాకే ఆమె మళ్ళీ పొద్దున్నే తల దువ్వుకుంటోంది. ఆ చోటు ఆమెకెంత ముఖ్యమో చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు. అయితే ఆ చోటు జనవరి దాకానే. ఆ పైన ఉంచాలా వద్దా అన్నది పనిశాల నడిపే రాగ్నా రాసిచ్చే అభిప్రాయాన్ని బట్టి ఉంటుంది.

ఆ దేశంలో అందరూ అందరినీ పేరు పెట్టే పిలుచుకుంటారు. పై అధికారినైనా నువ్వనే అంటారు. చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ నువ్వు అన్నంతమాత్రాన ఎదుటి మనిషి చేతిలోని కలానికి బలం తగ్గదు.

ఇంకా బన్నులు అయిపోకముందే ఎవెర్ట్ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. తుంటి ఎముక ఆపరేషన్ చేయించుకుని ఆరు వారాల తర్వాత చేతికర్రతో వస్తున్నాడు. మంగళ, గురువారాల్లో తీగ పని నేర్పేది ఆయనే. ఆయన తాత దేశదిమ్మరి. ఇల్లిల్లూ తిరిగి, పాత తీగతో గుడ్లు గిలకొట్టే కవ్వాలో, గిన్నెల కింద పెట్టే చక్రాలో అల్లిచ్చి, ఆ పూట తిండి తిని పోయేవాడు. అతుకు పెట్టకుండా, జిగురు పూయకుండా వట్టి తీగనే వంచి చేసే ఆ పని మనవడికి దక్కింది. దాంతో పాటు ఒక నియమం కూడా వచ్చింది. తీగ కొస ఇంటికి చేరాలి. అంటే కొసను వెనక్కి మడిచి, తీగ చుట్టూనే చుట్టి, చేతికి దొరకకుండా లోపలికి దూర్చేయాలి. ఎవరు ఏ బొమ్మ చేసినా ఆయన చెంపకు రాసుకుని చూశాకే బయటికి వెళ్ళేది. తన వేళ్ళు కాయలు కాసిపోయాయనీ, అవి అబద్ధం చెబుతాయనీ, చెంప చెప్పదనీ అనేవాడు.

ఆ రోజూ అలవాటు ప్రకారం కిటికీ గట్టు మీద చివరున్న టోమ్టెను తీసి, టోపీని కుడిచెంప మీద నెమ్మదిగా రాశాడు. కంటి కిందనుంచి గడ్డం దాకా సన్నగా ఎర్రటి గీత పడింది. గీత చివర నెత్తుటి బొట్టు నిలిచింది.

ఎవెర్ట్ బొమ్మను తిరగేసి టోపీ అంచు పైకెత్తాడు. చేసినవాళ్ళ పేరులో మొదటి అక్షరం అక్కడ దారంతో కుట్టి ఉంటుంది.

“నాదే,” అంది ఇంగాలిల్, ఆయన చదవకముందే.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని ఆమెకు అనిపించింది. టోపీని గోటితో గీకి చూసి, “ఇది ఫెల్ట్ కాదు కదమ్మా. దువ్విన స్వెటర్,” అన్నాడు.

అది మిగిలిపోయిన బొమ్మ అనీ, ఊరికే అలంకారానికి పెట్టామనీ రాగ్నా నవ్వుతూ సర్దింది. ఇంగాలిల్ మాత్రం చేతిలోని బన్ను కింద పెట్టేసింది. దానితో పాటు చేసిన పదహారు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు.

నవంబరులో ఊళ్ళోని పిల్లల బడి నుంచి కబురు వచ్చింది. బడిలో పదహారుమంది చిన్నపిల్లలు. పదహారు టోమ్టెలను తాడుకు కడతారు. డిసెంబరు ఒకటి నుంచి బడి ఉన్న ప్రతిరోజూ ఒక బిడ్డ ఒక బొమ్మను విప్పుకుని ఇంటికి తీసుకెళ్తుంది. ఆఖరి బొమ్మ పండక్కి రెండు రోజుల ముందు వెళ్తుంది. ఆ పని ఇంగాలిల్‌కు అప్పగించారు. సరిగ్గా అప్పుడే మూతపడిన ఏదో పాటల బృందం వాళ్ళు అట్టపెట్టె నిండా ఎర్ర స్వెటర్లు ఇచ్చి వెళ్ళారు. ఏ ఉన్నో, ఎలా ఉతకాలో చెప్పే మెడ దగ్గరి చీటీలు కత్తిరించి ఉన్నాయి. మామూలు ఉన్ని స్వెటర్‌ను అరవై డిగ్రీల వేడినీళ్ళలో తిప్పితే సగానికి కుంచించుకుపోయి, అల్లిక కనబడకుండా కంబళిలా గట్టిపడుతుంది. అదే ఫెల్ట్. తీగను పొడుచుకు రానివ్వదు. ఈ ఎర్ర స్వెటర్లు మాత్రం రెండుసార్లు తిప్పినా ఎలా వెళ్ళాయో అలాగే బయటికి వచ్చాయి. మెషిన్‌లో వేసినా ముడుచుకోకుండా మిల్లులోనే మందు పట్టించిన ఉన్ని అది. వందసార్లు ఉడికించినా ఫెల్ట్ కాదు.

ఆ సంగతి ఇంగాలిల్ రాగ్నాతో చెప్పింది. శుక్రవారానికి ఇవ్వాలనీ, ఇంత మంచి ఎరుపు మళ్ళీ దొరకదనీ, తీగల బ్రష్‌తో దువ్వితే ఫెల్ట్ లాగే కనిపిస్తుందనీ రాగ్నా అంది. ఎవెర్ట్ ఆసుపత్రిలో ఉన్నాడు. కొసలు మడిచి కూర్చుంటే సమయం చాలదని, కటింగ్ ప్లయర్‌తో నున్నగా తెంపి జిగురు చుక్క పెట్టమంది. పిల్లలు టోపీని ఇటూ అటూ వంచి ఆడుకుంటారు. వంచిన ప్రతిసారీ లోపలి తీగ వదులు అల్లికలోంచి కాస్త కాస్త పైకి పాకుతుంది. పదహారో బొమ్మకు జిగురు పెడుతున్నప్పుడే ఈ ఆలోచన ఇంగాలిల్ మనసులో మెదిలింది. జనవరి గుర్తొచ్చి నోరు మెదపలేదు.

కాఫీ అయ్యాక రాగ్నా ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. రాగ్నా చెడ్డది కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, అదే దీనిలోని కష్టం. పదిహేనో తేదీన మున్సిపాలిటీ వాళ్ళు పనిశాలను చూడటానికి వస్తున్నారు. నడపాలో మూసేయాలో అప్పుడే తేలుస్తారు. వారం నుంచి రాగ్నాకు సరిగ్గా నిద్ర లేదు.

సోమవారం తనే బడికి వెళ్ళి, కాస్త అందంగా సరిచేసి ఇస్తామని చెప్పి బొమ్మలన్నీ వెనక్కి తెస్తానంది రాగ్నా. అపాయమనీ గాయమనీ ఇప్పుడెందుకని అడిగింది.

“ఇప్పటికే నాలుగు ఇళ్ళకు వెళ్ళిపోయాయి,” అంది ఇంగాలిల్.

“నాలుగిళ్ళలో ఏమీ కాలేదుగా. అయ్యుంటే ఫోన్ వచ్చేది. ఇక్కడ పదముగ్గురున్నారు ఇంగాలిల్. ఇది మూసేస్తే వీళ్ళెక్కడికి పోతారో చెప్పు.” రాగ్నా బల్ల మీది కాగితాలు సర్దింది. “నీ కాగితం కూడా ఇక్కడే ఉంది. మంచి మాటలే రాస్తున్నా. నన్ను రాయనీ.”

ఎంత మెత్తగా అందో చూశారా? బెదిరింపు ఎప్పుడూ కేకలేస్తూ రానక్కర్లేదు. మనమంతా ఒకటే అంటూ, పేరు పెట్టి పిలుస్తూ కూడా వస్తుంది.

ఇంగాలిల్ తన బల్ల దగ్గరికి వెళ్ళి కత్తెర పట్టుకుంది. మధ్యాహ్నం రెండయ్యేదాకా ఒక్క ముక్క కూడా తిన్నగా కత్తిరించలేకపోయింది. ఎదురుగా ఎవెర్ట్ చెంప మీది గీత నల్లబడుతోంది. రెండూ పదికి ఆమె లేచి, కోటు తొడుక్కుని, కటింగ్ ప్లయర్ జేబులో వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచింది. చెప్పకుండా వెళ్తే ఆ రోజు గైర్హాజరు రాస్తారు. అదీ ఆమెకు తెలుసు.

బడికి పది నిమిషాల నడక. దారంతా రాగ్నా చెప్పిన మాటే పాఠంలా వల్లెవేసుకుంది. కాస్త అందంగా సరిచేసి ఇస్తాం. ఆ మాట అబద్ధం కాదు, ఎవరికీ నష్టం లేదు, పని కూడా అయిపోతుంది. గుమ్మం ఎక్కేసరికి దానికి తలవంచింది కూడా.

లోపల పిల్లలు ఆరుబయట ఆటకు వెళ్ళబోతూ, మందపాటి బట్టల్లో గున్నగున్నగా వరస కట్టి ఉన్నారు. తాడుకు ఇంకా పన్నెండు టోమ్టెలు వేలాడుతున్నాయి. టోపీ వల్ల టోమ్టెకు కళ్ళు కనబడవు కదా, అందుకని ముక్కుకు ముక్కు ఆనించి పలకరించాలట. ఆ ఆట పిల్లలే కనిపెట్టారని పంతులమ్మ టూవా మురిపెంగా చెప్పింది. వచ్చేటప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి. వరసలో ముందున్న పిల్ల మునివేళ్ళ మీద లేచి ముక్కు చాచింది. టోపీ మొన ఆ పిల్ల కనురెప్పకు వెంట్రుకవాసి దూరంలో ఊగింది.

“ఆగమ్మా,” అంది ఇంగాలిల్.

వల్లెవేసిన మాట ఎటు పోయిందో పోయింది. బొమ్మలు సరిగ్గా చేయలేదనీ, టోపీలో తీగ కొస ఉందనీ, అది బయటికి వస్తుందనీ, చేసేటప్పుడే తనకు తెలుసనీ నిలబడ్డచోటే చెప్పేసింది. టూవా ముఖంలోని మురిపెం ఆరిపోయింది. ముందు తాడు విప్పి బొమ్మలన్నీ పెట్టెలో పడేసి మూత పెట్టింది. ఆ తర్వాత ఫోన్ తీసుకుంది. మూడిళ్ళవాళ్ళు వెంటనే ఎత్తారు. ఒకరింట్లో బొమ్మ కిటికీలోనే ఉందట. ఇంకొకరు దాన్ని చెట్టుకు కట్టారట. మూడోవాళ్ళు తీసి పైన పెడతామన్నారు. నాలుగో ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

“మైకెన్ వాళ్ళు,” అంది టూవా. “జలుబని ఇవాళ రాలేదు. నిన్న బొమ్మను పక్కలో పెట్టుకునే పడుకుంటానని చెప్పి వెళ్ళింది.”

పిల్లల్ని వదిలి టూవా రాలేదు. చిరునామా ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. పాత కలప కోత మిల్లు దాటాక పసుపు రంగు ఇల్లు ఒక్కటే ఉంటుందని ఎవరితోనో అన్నట్టు అంది.

మూడు దాటితే చీకటి పడే కాలం అది. పక్కలో పెట్టుకున్న పిల్ల నిద్రలో ఎటు దొర్లిందో అనుకుంటూ ఇంగాలిల్ మంచులో జారుతూ, లేస్తూ ఆ ఇల్లు చేరింది. గంట కొట్టింది. జవాబు లేదు. లోపల పిల్ల ఏడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. రెండోసారి అరచేత్తో తలుపు బాదింది.

తలుపు తీసింది పిల్ల తండ్రి ఎస్కిల్. జుట్టు చెదిరి, విసిగిపోయి ఉన్నాడు. ఒక చేత్తో అతని కాలు పట్టుకుని నాలుగేళ్ళ మైకెన్ వెక్కుతోంది. కుడికంటి కింద, రెప్పకు బొటనవేలి వెడల్పు దూరంలో చిన్న ప్లాస్టర్ ఉంది. రెండో చేతిలో టోమ్టె.

కన్ను బాగానే ఉంది. ఇంగాలిల్ ఏమైందని అడిగింది.

“పిల్లి గీరింది,” అన్నాడు ఎస్కిల్. “రాత్రి పిల్ల పక్కనే పడుకుంది. కట్టెల కొట్టంలో పడేశా. ఇక దాన్ని ఉంచుకోను, శనివారం ఎవరికో ఇచ్చేస్తా. దాని కోసమే పొద్దుట్నుంచీ ఈ ఏడుపు. ఫోనూ వినబళ్ళేదు, ఏమీ వినబళ్ళేదు. ఇంతకీ నువ్వెవరు?”

“మసిగాడు గీరలేదు నాన్నా,” అంది మైకెన్. ఆ మాట పొద్దున్నుంచి ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో, గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

పెరట్లో కొట్టం తలుపు సందులోంచి పిల్లి అరుపు వినబడుతోంది. పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నేరం ఒకరి మీద పడింది, శిక్ష ఖాయమైంది, శిక్ష పడ్డవాడికి నోరు లేదు. ఇంగాలిల్ ఏమీ అనకుండా, బొమ్మను మాత్రం బాగుచేస్తానని తీసుకుని వెళ్ళిపోవచ్చు. పని భద్రం, పనిశాల భద్రం. పోయేది ఒక పిల్లి.

“పిల్లి కాదు,” అంది ఇంగాలిల్. “నేను.”

ఎస్కిల్‌కు అర్థం కాలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మైకెన్ చేతిలోని టోమ్టె టోపీని వేలితో నొక్కింది. ఎర్ర ఉన్నిలోంచి తీగ కొస బియ్యపు గింజంత బయటికి వచ్చి మెరిసింది. అతను దాన్ని చూశాడు, కూతురి చెంపను చూశాడు. తెల్లబోయాడు. కన్ను పోయేది కదా అన్నాడు. పోయేదని ఆమె ఒప్పుకుంది. తెలిసే చేశావా అని అడిగాడు. తెలిసీ ఊరుకున్నానంది. అతను చెప్పులతోనే మంచులోకి దిగి కొట్టం గడియ తీశాడు. నల్ల పిల్లి అతని కాళ్ళ మధ్యనుంచి ఇంట్లోకి దూసుకుపోయింది.

మైకెన్ బొమ్మను మాత్రం ఇవ్వనంటే ఇవ్వనంది. అప్పుడు ఇంగాలిల్ తన ఎడమ చేతి తొడుగు తీసింది. అది అసలైన ఫెల్ట్. ఇరవై ఏళ్ళు తొడిగి, ఉతికి, గట్టిపడిన బూడిదరంగు ఉన్ని. కత్తెర అడిగి దాని బొటనవేలు కత్తిరించింది. పాత టోపీ ఊడదీసింది. కటింగ్ ప్లయర్‌తో తీగ కొసను వెనక్కి మడిచి, మూడు చుట్లు చుట్టి, లోపలికి దూర్చింది. బొటనవేలి తొడుగు టోమ్టె నెత్తిన టోపీగా సరిగ్గా కూర్చుంది. దాన్ని తన చెంపకు గట్టిగా రాసుకుంది. తర్వాత ఎస్కిల్‌కు అందించింది. అతనూ రాసుకుని చూసి, ఇంకోసారి రాసుకుని, అప్పుడు కూతురికిచ్చాడు.

మర్నాడు ఇంగాలిల్ కాఫీ వేళకు అందరి ముందూ చేసినదంతా చెప్పింది. రాగ్నా ముఖం పాలిపోయింది. టూవా అప్పటికే ఫోన్ చేసిందనీ, ఇదంతా నిజమేనా అని అడిగిందనీ, తనకేమీ తెలియదనే మాట తన నోటి చివరి దాకా వచ్చిందనీ చెప్పింది.

“చెప్పలేకపోయా,” అంది రాగ్నా. “దువ్వమన్నది నేనే కదా.”

ఆ తర్వాత ఐదు రోజులు పదముగ్గురూ ఇళ్ళనుంచి తమ తమ తొడుగులు, మఫ్లర్లు తెచ్చి కత్తిరించారు. మైకెన్ బొమ్మది పోగా మిగతా పదిహేను టోపీలు పదిహేను రంగుల్లో తయారయ్యాయి. ప్రతి కొసా ఇంటికి చేరింది. ఎవెర్ట్ చెంపతో పాటు రాగ్నా చెంప కూడా సాక్ష్యం చెప్పాకే అవి బడికి వెళ్ళాయి.

పదిహేనో తేదీన మున్సిపాలిటీ అధికారి వచ్చాడు. రాగ్నా ఏదీ దాచకుండా రాసిన కాగితం ఆయన చేతికిచ్చింది. ఇంగాలిల్ చోటు జనవరి తర్వాత కూడా నిలిచిందని ముందే చెప్పేస్తున్నాను. కానీ ఆ రోజు ఆ గదిలో ఎవరికీ అది తెలియదు. అధికారి చదివి, కళ్ళజోడు తీసి, బిడ్డకు గాయం చేసిన మనిషిని ఎలా ఉంచుకోమంటారని అడిగాడు.

అప్పుడు ఎవెర్ట్ చేతికర్ర ఊతంగా లేచి నిలబడ్డాడు.

“పారేసినవాటితో చేస్తున్నాం కాబట్టి మనం ఎలా చేసినా మంచిపనే అనుకున్నారు అందరూ. మనమూ అనుకున్నాం. మళ్ళీ వాడే వస్తువుని కొత్తదానికంటే ఎక్కువ చూసి చెయ్యాలి, ఎందుకంటే అది ఇంతకుముందు ఏం చూసిందో మనకు తెలీదు. మనుషులకీ అదే. ఒకసారి గెంటించుకుని వచ్చినవాళ్ళు మళ్ళీ గెంటేస్తారేమోనని నోరు మూసుకుంటారు. ఈమె మూసుకుంది, మళ్ళీ తెరిచింది. ఇప్పుడు ఈమెని పంపేస్తే మిగతా పన్నెండుమంది ఏం నేర్చుకుంటారో నువ్వే చెప్పు. తప్పు ఒప్పుకున్న మనిషిని గెంటేసే చోట తప్పులు తగ్గవయ్యా. అవి పిల్లి మీదకి పోతాయి.”